పెదవుల మీది ఓటు

గడచిన వారం మనం వెర్నీస్ టాలివర్‌ను మౌంట్ పిస్గా చర్చి మెట్ల మీద, మే నెల జల్లులో వదిలి వచ్చాం. ఆమె చేతిలో నల్లతోలు అట్ట ఉంది. అట్ట లోపల శాసనసభ బంగారు ముద్ర వేసిన సంతాప తీర్మానం ఉంది. పదహారేళ్లుగా ఆ సభలో కోలెట్ కౌంటీ నల్లవాళ్ల గొంతు ఆమెదే. ఆ గొంతును మొదట ఇంటింటికీ మోసుకుపోయిన ఆర్జెల్లా మిమ్స్ ఇప్పుడు చర్చి లోపల పెట్టెలో పడుకొని ఉంది. కౌంటీ ఆసుపత్రి మూతపడి పది నెలలైంది. నలభై రెండు మైళ్ల అవతలి ఆసుపత్రికి తీసుకుపోతుండగా ఇరవై తొమ్మిదో మైలు దగ్గర, గూడ్సుబండి కోసం మూసిన రైలు గేటు ముందు, అంబులెన్సులోనే ఆమె ప్రాణం పోయింది. ఆ ఆసుపత్రిని మూసే బిల్లుకు తాను 'కాదు' అన్నానని వెర్నీస్ ఊరందరికీ చెప్పింది. అనలేదని ఆమెకు తెలుసు. తనకొక్కదానికే తెలుసునని ఆమె నమ్మకం. పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ప్రాథమిక ఎన్నికకు ఇంకా పది రోజులే ఉన్నాయి.

వెర్నీస్ గొడుగు మూస్తుండగా, తలుపు దగ్గర నిలబడ్డ ఒకావిడ ఆమె చెవిలో చెప్పింది: "సిస్టర్ టాలివర్, రూథెల్ పాస్టర్‌గారి గదిలో ఉంది. మీరొస్తే ముందు అటు పంపమంది."

గదిలో కొక్కేలకు గాయక బృందం అంగీలు వేలాడుతున్నాయి. నేల కింద వంటగదిలో కోడి ముక్కలు వేగుతున్న చప్పుడు, ఆ చప్పుడు మీద ఆడవాళ్ల గుసగుస, ఆ గుసగుస మీద వాన. నల్లటోపీ మీది వలను నుదుటి పైకి తోసుకొని రూథెల్ మిమ్స్ బల్ల చివర కూర్చుని ఉంది. ఆమె ఆర్జెల్లా ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఏళ్లుగా బడి బస్సు నడిపిన చేతులు ఒళ్లో కదలక పడి ఉన్నాయి.

"కూర్చో, వెర్నీస్ ఆంటీ."

"నిలబడతాలే తల్లీ. ఏమైనా తిన్నావా?"

"కింద కోళ్లన్నీ నా కోసమేగా వేగుతున్నాయి. తింటాలే. ముందు ఆ కాగితం ఇలా ఇవ్వు."

వెర్నీస్ అట్ట అందించింది. ఇలాంటివి ఇప్పటికి మూడు వందలకు పైగా తెచ్చింది. కౌంటీలో ఎవరు పోయినా సభ పేరిట ఒక తీర్మానం రావాలి, దాన్ని వెర్నీస్ చదవాలి, చదివాక అది అద్దాల చట్రమెక్కి క్రీస్తు పటం పక్కన గోడ మీద నిలవాలి. బతికినన్నాళ్లూ ఏ కార్యాలయమూ 'గారు' అని పిలవని మనుషులను పోయాక సభంతా లేచి గౌరవించినట్టు రాసిన కాగితం అది. అందుకే వెర్నీస్ ఒక్క చావుకూ వెళ్లడం మానలేదు.

రూథెల్ వేలు పెట్టి చదివింది. నాలుగో వరుస దగ్గర ఆ వేలు ఆగింది.

"'ప్రభువు సన్నిధికి ప్రశాంతంగా తరలిపోయిన' అట. ప్రశాంతంగానా? ఎవరు రాశారిది?"

"గుమస్తాలమ్మా. అందరికీ అదే నమూనా. నేను... నేను సరిగా చూసుకోలేదు."

"నూట పద్నాలుగు పెట్టెలు ఆ బండికి." రూథెల్ గొంతు లేవలేదు. అదే భయంగా ఉంది. "అరవై ఒకటి దాకా అమ్మే లెక్కపెట్టింది, నా చెయ్యి పట్టుకుని. మిగతావి నేను లెక్కపెట్టా."

వెర్నీస్ చెయ్యి చాచింది. ఆ చెయ్యి అందినంత మేర రూథెల్ వెనక్కి జరిగింది.

"ఇది అమ్మ పెట్టెలో పెట్టను. మా గోడకీ పెట్టను. తీసుకుపో."

"రూథీ, కోపముంటే నా మీద చూపించు. మీ అమ్మకి రావలసిన గౌరవం..."

"అమ్మే వద్దంది."

ఆమె బల్ల మీది బైబిలు తెరిచి మడతపెట్టిన కాగితం తీసింది. మౌంట్ పిస్గాలో పెద్దవయసు ఆడవాళ్లందరికీ ఒక అలవాటు ఉంది. తమ అంత్యక్రియల క్రమాన్ని తామే రాసి బైబిలులో దాచుకుంటారు. ఏ పాట, ఎవరి గొంతు, ఏ గౌను, ఏ టోపీ, ఎవరి పక్కన ఎవరు. అలా రాసిపెట్టిన క్రమంలో అక్షరం మార్చే ధైర్యం ఆ చర్చిలో ఇంతవరకు ఏ పాస్టరుకూ కలగలేదు.

ఆర్జెల్లా అక్షరాలు ఇస్త్రీ చేసినట్టుంటాయి. ముడత లేదు, వంకర లేదు.

'ఒకటి. మన చర్చి నర్సుల సంఘం తెల్లబట్టలే నాకు తొడగాలి. చేతి తొడుగులు మరిచిపోవద్దు. రెండు. పెట్టె మూసే ముందు రూథెల్‌ను ఏడవనివ్వండి, ఆపవద్దు. మూడు. లాండ్రీ వాళ్లను మొదటి వరుసలో కూర్చోబెట్టాలి. నాలుగు. డీకన్ హొరేస్ పాడకూడదు, ఎవరు బతిమాలినా సరే.'

తనకు తెలియకుండానే వెర్నీస్ పెదవి చివర నవ్వు మెదిలింది. రూథెల్ పెదవి మీదా మెదిలింది. ఒక్క క్షణం ఆ గదిలో ముగ్గురు ఆడవాళ్లున్నారు. మరుక్షణం ఇద్దరే.

"తొమ్మిది చదువు" అంది రూథెల్.

'తొమ్మిది. వెర్నీస్ తీర్మానం తెస్తుంది. చదవనివ్వద్దు. ఆనాడు సభలో అడిగిన మాటే పాస్టర్‌గారు ఇక్కడ అడగాలి. కిందటేడు ఏప్రిల్ పదకొండున నేను పైన ప్రేక్షకుల వరుసలో కూర్చుని ఉన్నాను. తను ఏమందో చూశాను. నేను బతికుండగా అడిగితే అది మా ఇద్దరి గొడవగా పోతుంది. తన జవాబు ఊరు వినాలి.'

వెర్నీస్ కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఏమన్నావు ఆంటీ, ఆ రోజు?"

"కాదన్నాను. మీకందరికీ చెప్పాగా. గొంతు చించుకుని అన్నాను. వాళ్ల గొంతుల ముందు..." మాట ఎక్కడో తెగింది. "అక్కడెంత గోలో నీకు తెలీదు రూథీ. నూట ఇరవై మంది ఒక్కసారిగా అరిస్తే, ఆ పైనెక్కడో కూర్చున్న మనిషికి ఏం వినిపిస్తుంది?"

"మా అమ్మకి గోలతో పనేంటి?"

అప్పుడు, అంతసేపటికి, వెర్నీస్ కూర్చుంది.

ఊరి చివర ఒకప్పుడు ఆవిరి లాండ్రీ ఉండేది. రైలు పెట్టెలంత రోలర్ల కింద దుప్పట్లు నలిగి, నునుపెక్కి, పొగలు కక్కుతూ బయటికి వచ్చేవి. ఇనుప పీపాలు పగలంతా ఉరిమేవి. ఆ ఉరుముల్లో గొంతుకు విలువ లేదు. అందుకే అక్కడి నల్ల ఆడవాళ్లు గొంతును ఇంటి దగ్గరే వదిలి వచ్చి పెదవులతో మాట్లాడుకునేవారు. కబుర్లు, తిట్లు, ప్రార్థనలు, మేస్త్రీ నడుం మీద జోకులు, అన్నీ శబ్దం లేకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు ఎగిరేవి. పదిహేడేళ్ల వెర్నీస్ ఆ లాండ్రీలో రెండేళ్లు దుప్పట్లు మడిచింది. ముప్పై ఏళ్ల ఆర్జెల్లా ఆమె గడ్డం పట్టుకుని నేర్పింది: "పెదవుల్ని పిండి పిసికినట్టు కదిలించు పిల్లా. ఇక్కడ మేం కళ్లతోనే వింటాం."

నేర్చుకున్న విద్య ఒంట్లో ఉండిపోతుంది. ఎక్కడ బయటపడుతుందో ఒంటికే తెలుస్తుంది.

కిందటేడు ఏప్రిల్ పదకొండు. ఆ ఉదయం, నియోజకవర్గాల సరిహద్దులు గీసే కమిటీ అధ్యక్షుడు క్రాఫర్డ్ లైల్ సభ బయటి నడవలో ఆమె పక్కనే నడిచాడు. మెత్తని మనిషి, మెత్తని బూట్లు. "మీ ఇబ్బంది నాకు తెలుసు, టాలివర్‌గారూ. పేర్లు పిలిచి ఓట్లు అడగబోం. నోటి ఓటే. మీరు గట్టిగా అననక్కర్లేదు. మీ నోరు కదిలితే చాలు, నేను చూస్తుంటాను. కొత్త పటం గీసేటప్పుడు మీ నియోజకవర్గం గీత ఎక్కడికీ జరగదు. జరిగితే... మీ వాళ్లు నాలుగు ముక్కలై నలుగురి ఒళ్లో పడతారు. మీ ఇష్టం."

ఆమె తనకు తాను చెప్పుకుంది: సీటుంటే ఆసుపత్రిని మళ్లీ తెరిపించవచ్చు. సీటు పోతే ఏ తలుపూ తెరిపించలేం. చెప్పుకున్న ప్రతిసారీ ఆ మాట నిజంలాగే వినిపించింది.

సభాపతి అడిగాడు: అనుకూలురు అవునని పలకండి. లైల్ తల తిప్పి ఆమె వైపు చూశాడు. పైన పత్రికలవాళ్లున్నారు, కనుక గొంతు విప్పలేదు. కింద లైల్ ఉన్నాడు, కనుక పెదవులు విప్పింది. ఆ పెదవులు నలభై ఏళ్ల కిందటి లాండ్రీలోలాగే, పిండి పిసికినట్టు, 'అవును' అన్నాయి. అటుగోడ దాకా కనబడేంత స్పష్టంగా అన్నాయి. ప్రతికూలురు కాదని పలకమన్నప్పుడు ఆ పెదవులు కదలలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె బల్ల మీద మైనపు కాగితం చుట్టిన నిమ్మకాయ కేకు ఉంది. చీటీ లేదు. ఆర్జెల్లా చేతి కేకు అది, ముక్క నోట పెట్టగానే తెలిసింది. ఎప్పటిలాగే బస్సు డ్రైవరుతో పంపి ఉంటుందనుకుంది. రెండు ముక్కలు తింది. మిగిలింది పక్కగది వాళ్లకు పంచింది.

"ఆ కేకు..." అంది వెర్నీస్ ఇప్పుడు.

"తనే తెచ్చింది." రూథెల్ కాగితాన్ని మడత పెట్టింది. "నీకు చెప్పకుండా పోయి, నువ్వు మాట్లాడుతుంటే చూసి మురిసిపోదామనుకుంది. కొత్త టోపీ పెట్టుకుంది. మూడు గంటలు బస్సులో వెళ్లి మూడు గంటలు బస్సులో వచ్చి, ఆ టోపీ పెట్టెలో పెట్టేసింది. మళ్లీ తియ్యలేదు. నేనడిగితే, తల నొప్పి పుడుతోంది ఆ టోపీతో అంది."

పదమూడు నెలలు. ఆ పదమూడు నెలలూ ఆర్జెల్లా ప్రతి ఆదివారం వెర్నీస్ పక్కనే కూర్చుంది. పాటల పుస్తకం పంచుకుంది. సభ నుంచి తిరిగి వచ్చి, 'గొంతు చించుకుని అన్నాను' అని వెర్నీస్ ఈ చర్చిలోనే చెప్పినప్పుడు అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆర్జెల్లా చేతి తొడుగులు విప్పుతూ ఉండిపోయింది, ఒక్కో వేలూ, ఒక్కో వేలూ. చాలా సేపు పట్టింది ఆ తొడుగులకు. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

"నాతో ఒక్కమాట అని ఉంటే..."

"అనాల్సింది నువ్వు. నీ కోసం కాచుకుని ఉంది." రూథెల్ వల కిందికి దించుకుంది. "ఆసుపత్రి తలుపులకి గొలుసేసిన రోజు నువ్వు తన దగ్గరికొస్తావనుకుంది, వచ్చి చెప్తావనుకుంది. డీకన్లతో నిలబడి ఫోటో దిగి వెళ్లిపోయావు."

తలుపు తట్టి పాస్టర్ గెయిన్స్ లోపలికి తొంగిచూశాడు. బరువైన మనిషి, చెమట రుమాలు ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. "అమ్మా రూథెల్, కుటుంబం వరుసలో నిలబడాలి. సిస్టర్ టాలివర్, తమరు తొమ్మిదో అంశం. రెండే నిమిషాలు సుమా!"

రూథెల్ కాగితం ఆయనకు ఇచ్చింది. "అచ్చులో పడ్డది పూర్తి క్రమం కాదు, రెవరెండ్. అమ్మ రాసింది ఇది. మీ ఇష్టం."

ఆయన నిలబడే చదివాడు. రుమాలు నుదుటి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఆయన వెర్నీస్ వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు. ఓట్లడగాల్సిన అవసరం రాకముందు నుంచీ ఈ ఆడమనిషి ఆయనకు తెలుసు.

"సిస్టర్," అన్నాడు మెల్లగా, "తమరికి ఒంట్లో బాగోలేదని చెప్పమంటే చెప్తాను. వెనక తలుపు తీసే ఉంది."

వెనక తలుపు వెనక కారుంది. కారు వెనక రోడ్డుంది. రోడ్డు చివర పది రోజుల తర్వాత ఎన్నిక ఉంది. ఆమె ఆ తలుపు వైపు చూడకుండా ఉండలేకపోయింది. రూథెల్ ఆమె చూపును చూసింది.

"నా పేరు పిలవండి, రెవరెండ్" అంది వెర్నీస్.

*

చర్చి నిండిపోయింది. మూడు వందల అట్ట విసనకర్రలు ఒకే గాలిని అటూ ఇటూ తోస్తున్నాయి. తెరిచిన పెట్టెలో ఆర్జెల్లా తెల్లబట్టల్లో, తెల్లని తొడుగుల్లో ఉంది. పక్కన క్రాఫర్డ్ లైల్ పంపిన తెల్లపూల వలయం అందరి పూలకన్నా ఎత్తుగా నిలబడింది. మొదటి వరుసలో తెల్లబట్టలతోనే ఆరుగురు ముసలివాళ్లు. లాండ్రీ ఆడవాళ్లలో ఇంకా బతికున్న ఆరుగురు. అందరిలోకీ పెద్దది ఐడెల్లా క్రంప్, ఎనభై మూడేళ్లు, గడ్డం కింద చేతికర్ర.

"మాట్లాడేవాళ్లకి రెండు నిమిషాలు" అంది కార్యక్రమం నడిపే ఆమె. "పాస్టర్‌గారికి మాత్రం ప్రభువు ఎంతిస్తే అంత."

"అయితే రాత్రి భోజనం కూడా ఇక్కడే!" అన్నారెవరో. నవ్వు ఒక అలలా లేచి విరిగి పడింది. ఆ నవ్వులో వెర్నీస్ ఒక్కతే ఒడ్డున ఉంది.

ఎనిమిదో అంశం అయింది. గెయిన్స్ లేచాడు. ఆయన చేతిలో అచ్చు కాగితం లేదు.

"మదర్ మిమ్స్ తన చేత్తో రాసిపెట్టుకున్న క్రమం ఇది. ఈ చర్చిలో మనం అమ్మల రాతని దిద్దం."

"దిద్దం!" అంది చర్చి.

"తొమ్మిదో చోట ఆమె తీర్మానం వద్దంది. ఒక ప్రశ్న అడగమంది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "సిస్టర్ వెర్నీస్ టాలివర్. కిందటేడు ఏప్రిల్ పదకొండున, మన ఆసుపత్రిని మూసే బిల్లు మీద సభలో నిన్ను అడిగిన మాటే ఇక్కడ అడుగుతున్నాను. అనుకూలమైతే అవునని చెప్పు. ప్రతికూలమైతే కాదని చెప్పు. ఆ రోజు నువ్వేమన్నావు?"

విసనకర్రలు ఆగలేదు. జనానికి ఇంకా అర్థం కాలేదు. తమ మనిషికి మరోసారి చప్పట్లు కొట్టే అవకాశమిది అనుకున్నారు. "చెప్పమ్మా, చెప్పు వాళ్లకి!" అంటూ వెనక వరుసలో ఒక ముసలాయన కర్రతో నేల తట్టాడు.

వెర్నీస్ నల్లతోలు అట్టను బల్ల మీదే వదిలి లేచింది. పెట్టె పక్క నుంచి నడిచింది. 'కాదు' అనేది చిన్న మాట. ఆ మాట అంటే చాలు, చర్చి లేచి నిలబడుతుంది. చనిపోయిన మనిషి చూడడంలో పొరబడిందంటే ఎవరు కాదంటారు? రూథెల్ ఒక్కతి. ఏడ్చే కూతురి మాట ఎన్ని రోజులు నిలుస్తుంది? పది రోజులు నిలవకపోతే చాలు.

మైకు ముందు నిలబడింది. నోరు తెరిచింది. గొంతు రాలేదు.

"నిదానం, సిస్టర్" అందొక ఆడగొంతు.

"తొందరేం లేదు తల్లీ. నిదానంగా చెప్పు."

"ప్రభువా, సాయం పట్టు ఆమెకి!"

తడబడే మనిషికి ఆ చర్చి ఎప్పుడూ ఇచ్చే ఊతం అది. ఎన్ని చావుల్లో ఎంతమందికి తానూ ఇచ్చింది! ఇవాళ ఒక్కో 'నిదానం' ఒక్కో రాయిలా వచ్చి తగులుతోంది. ఆమె పెట్టెలోకి చూసింది. ఆ తెల్ల తొడుగులను ఎవరో పై దాకా, మడత లేకుండా ఎక్కించారు. అక్కడి నుంచి కళ్లెత్తితే మొదటి వరుస. ఆరు ముఖాలు. పన్నెండు కళ్లు. దుప్పట్లు మడిచే బల్లకు అటువైపు నుంచి ఆమెను చూసినట్టే చూస్తున్నాయి.

అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. గొంతు లేదు, గాలి కూడా లేదు. పిండి పిసికినట్టు, ఒక్కో మాటా, ఒక్కో మాటా.

అవునన్నాను. నా సీటు కోసం అవునన్నాను. ఆర్జెల్లా చూసింది నిజం.

మొదటి వరుసలో ఒక విసనకర్ర ఆగింది. దాని పక్కది ఆగింది. ఆరూ ఆగాయి. ఒకామె తెల్లని చేతి తొడుగును నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ల వెనక రెండు వందల తొంభై నాలుగు విసనకర్రలు అలాగే ఊగుతున్నాయి. వాళ్ల వెనక ఇంకా ఎవరో, పాపం, ప్రేమగా అంటూనే ఉన్నారు: "నిదానం తల్లీ... నిదానం..."

"సిస్టర్, కొంచెం గట్టిగా" అన్నాడు గెయిన్స్. "మాకు వినపడలేదు."

చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు. ఐడెల్లా క్రంప్ లేచింది. లేవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది, లేపడానికి ఎవరూ సాహసించలేదు. లేచి, నిలదొక్కుకొని, ఆమె జనం వైపు తిరిగింది.

"మీకు వినపడలేదేమో" అంది. లాండ్రీలో నలభై ఏళ్లు వాడని గొంతు కాబోలు, ఆ వయసులోనూ గంటలా ఖంగుమంది. "మాకు ఆరుగురికీ కనపడింది."

మూడు వందల విసనకర్రలూ ఆగిపోయాయి. కిటికీ అద్దాల మీద వాన చప్పుడు, తెరిచి ఉన్న మైకు సన్నని రొద తప్ప చర్చిలో మరేమీ మిగల్లేదు. ముందు వరుస చివర రూథెల్ తన టోపీ మీది వలను పైకి తోసుకుంది.

ఐడెల్లా మెల్లగా వెర్నీస్ వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు. అంతకన్నా బరువైనదేదో ఉంది.

"నేను చెప్పనా పిల్లా," అంది, "నువ్వే చెప్తావా?"